మా బుద్రికి బర్త్ సర్టిఫికెట్ వచ్చింది: 172 రోజుల కథ

2025 డిసెంబరు 26, శుక్రవారం మధ్యాహ్నం మా మేనకోడలి బర్త్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. పిల్లకి అప్పటికి పదకొండేళ్ళు నిండి రెండు నెలలు. ఆ కాగితం కోసం నేను మొదటిసారి గ్రామ సచివాలయం మెట్లెక్కింది జూలై 7న. లెక్కేస్తే 172 రోజులు. మా కొండల్లో ఇలా ఏ కాగితమూ లేని పిల్లలు ఇంకా ఉన్నారు. వాళ్ళకోసం తిరిగే ఏ అన్నకో మావకో పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మా మండలం పేరు, ఆఫీసుల పేర్లు మాత్రం రాయను. రేపు మళ్ళీ ఏదో పని మీద అక్కడికే వెళ్ళాలి కదా.

మాది అల్లూరి సీతారామరాజు జిల్లాలో కొండమీద చిన్న ఊరు. పాతిక ఇళ్ళుంటాయేమో. ఆటో దిగాక నాలుగు కిలోమీటర్లు నడవాలి. నేను పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు పని చేస్తున్నాను. ఊళ్ళో డిగ్రీ దాకా వెళ్ళినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఎవరికి ఏ కాగితం కావాలన్నా ఫోను నాకే వస్తుంది.

మొన్న జూన్‌లో అక్క ఫోన్ చేసింది. బడికెళ్ళే పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు పడ్డాయట, కానీ చిన్నాడివే పడ్డాయట. 13 వేలు. పెద్దదానివి ఎందుకు రాలేదని అడిగితే ఆధార్ లేదన్నారట. చిన్నాడు 2018లో పీహెచ్‌సీలో పుట్టాడు, పుట్టిన కాగితం అప్పుడే వచ్చింది, దాంతో ఆధార్ కూడా అయిపోయింది. పెద్దది ఇంట్లో పుట్టింది. ఐదో తరగతి చదువుతోంది. వచ్చే ఏడాది గిరిజన పిల్లల ఏకలవ్య స్కూల్లో ఆరో తరగతికి పరీక్ష రాయించాలని నా కోరిక. పుట్టిన తేదీ లేకుండా ఆ అప్లికేషన్ కూడా ముందుకెళ్ళదు.

అది ఇంట్లో ఎందుకు పుట్టిందో చెప్పాలి, ఎందుకంటే తర్వాత కథంతా దానిమీదే నడిచింది. 2014 అక్టోబరు 12, ఆదివారం హుద్‌హుద్ తుఫాను. విశాఖపట్నంలో ఏం జరిగిందో అందరూ టీవీలో చూశారు. మా కొండమీద కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు వరసగా పడిపోయాయి. అక్కకి నెలలు నిండాయి. పది రోజుల తర్వాత నొప్పులొస్తే బావవాళ్ళు డోలీ కట్టారు, అక్కని ఎక్కించారు, రెండు మలుపులు దాటాక మళ్ళీ వెనక్కి తెచ్చేశారు. దారికడ్డంగా పడిన చెట్లు ఇంకా అలాగే ఉన్నాయి. చీకటి పడుతోంది. చివరికి అమ్మమ్మే కాన్పు చేసింది.

మాలో పిల్లలకి పుట్టిన వారాన్నిబట్టి పేరు పెట్టడం అలవాటు. సోమవారం పుడితే సోమ, మంగళవారమైతే మంగ్లా, శుక్రవారమైతే సుక్రి. ఇది బుధవారం పుట్టింది, బుద్రి అయింది. బడిలో ఇంకో పేరుంది, అంగన్‌వాడీ టీచరమ్మ టీవీ సీరియల్ చూసి పెట్టింది. ఇక్కడ నేను బుద్రి అనే రాస్తాను.

జూలై 7 సోమవారం. ఒకరోజు జీతం వదులుకుని ముందురోజు రాత్రే బస్సెక్కాను. సచివాలయంలో కంప్యూటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి మంచిది, ఓపిగ్గా చెప్పింది. పుట్టిన 21 రోజుల్లోపు చెబితే అక్కడికక్కడే రాసేస్తారట. ఏడాది దాటితే మాత్రం డివిజన్ ఆఫీసు నుంచి ఆర్డరు రావాలట. దానికి ముందు పంచాయతీ రిజిస్టరులో పేరు లేదని నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్, నోటరీ అఫిడవిట్, తల్లిదండ్రుల ఆధార్‌లు, రేషన్ కార్డు, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, దొరికితే పుట్టినప్పటి రికార్డు ఏదైనా.

"అన్నా, పాప పుట్టినట్టు పాత ప్రూఫ్ ఏదైనా ఉందా?" అంది.

"పాపే ఉంది కదమ్మా" అన్నాను. బుద్రి నా పక్కనే నిలబడి గోడమీద పోస్టర్లు చదువుతోంది. ఆ అమ్మాయి నవ్వింది గానీ లిస్టులోంచి ఏ కాగితమూ తగ్గించలేదు.

పేరు లేదని రాయించుకోవడానికి పేరు ఉందేమో వెతకాలి. అక్కడే మొదటి చిక్కు. ఇప్పుడు మా ఊరు ఉన్న పంచాయతీ కొత్తది. 2014లో మేము వేరే పంచాయతీ కింద ఉండేవాళ్ళం, ఆ ఏడాది రిజిస్టరు ఆ పాత పంచాయతీ బీరువాలో ఉంది. అక్కడి సెక్రటరీ గారికి రెండు ఊళ్ళ ఇన్‌చార్జి. నేను జూలై 14న వెళ్తే మీటింగు, 21న వెళ్తే సెలవు. మూడోసారి ముందే ఫోన్ చేసి, 31న వస్తున్నానని రెండుసార్లు గుర్తుచేసి మరీ వెళ్ళాను. ఇది ముందే చేసుంటే రెండు ప్రయాణాలు మిగిలేవి. ఎవరైనా ఈ పని మీద వెళ్తుంటే సెక్రటరీ గారి నంబరు సంపాదించడమే మొదటి పనిగా పెట్టుకోండి.

ఆ రిజిస్టరు చూశాను. పొడుగాటి పుస్తకం, అట్ట ఊడిపోయి గోనెసంచి దారంతో కట్టి ఉంది. 2014 సంవత్సరానికి రెండు పేజీలు కూడా నిండలేదు. ఉన్న పేర్లన్నీ రోడ్డు పక్క ఊళ్ళవి. కొండమీద పల్లెల నుంచి ఒక్క పేరూ లేదు. ఆ ఏడాది మా ఊళ్ళోనే నలుగురు పుట్టారని నాకు తెలుసు, ఇద్దరు పోయారని కూడా తెలుసు. పోయిన ఇద్దరి పేర్లు పుట్టినవాళ్ళలోనూ లేవు, చనిపోయినవాళ్ళలోనూ లేవు. నేను పేజీ తిప్పకుండా చాలాసేపు అలా చూస్తుంటే సెక్రటరీ గారు "లేదు కదా, రాసిచ్చేస్తాను" అన్నారు. ఆయన తొందర ఆయనది. అదే రోజు సంతకం, స్టాంపు అయ్యాయి. మొదటి కాగితానికి 24 రోజులు.

తర్వాత బడి. స్టడీ సర్టిఫికెట్ అరగంటలో ఇచ్చారు. అందులో పుట్టిన తేదీ 15-06-2014. ఇదేంటి సార్ అని అడిగితే అడ్మిషన్ రిజిస్టరు తీసి చూపించారు. ఆ పేజీలో పదకొండుమంది పిల్లలుంటే ఎనిమిదిమంది జూన్ 15నే పుట్టారు. బడిలో చేర్చుకోవాలంటే ఐదేళ్ళు నిండాలి, నిండేలా ఒక తేదీ వేశారు, అంతే. ఎవరినీ తప్పుపట్టలేను, ఆ రోజు అలా వేయకపోతే పిల్ల బడిలో ఉండేదే కాదు. కానీ ఫోన్‌లో కేలండర్ తీసి చూస్తే 2014 జూన్ 15 ఆదివారం. ఆదివారం పుట్టిన పిల్లకి బుద్రి అని మా ఊళ్ళో ఎవరూ పేరు పెట్టరు.

ఇక్కడ అందరూ ఇచ్చిన సలహా ఒకటే. బడి తేదీనే వేసెయ్, అన్ని కాగితాలూ ఒకేలా ఉంటాయి, పని తొందరగా అవుతుంది. సచివాలయం అమ్మాయి అదే చెప్పింది, బావ అదే అన్నాడు. ఆఫీసు బయట తిరిగే ఒకాయన 6 వేలు ఇస్తే పదిహేను రోజుల్లో బడి తేదీతో తెచ్చిస్తానన్నాడు. అక్క మాత్రం ఒప్పుకోలేదు. "నేను కన్నాను, నాకు తెలీదా? మర్నాడు కింద ఊళ్ళో దీపావళి టపాకాయలు మోగాయి, పిల్ల ఉలిక్కిపడింది" అంది. కేలండర్ చూశాను. 2014లో దీపావళి అక్టోబరు 23, గురువారం. ముందురోజు 22, బుధవారం. అక్క చదువుకోలేదు, కేలండర్ చూడటం రాదు. అయినా తేదీ పక్కాగా దొరికింది. ఇక ఆ తేదీని వదిలేయాలంటే నాకు మనసొప్పలేదు. నిజం చెప్పాలంటే ఈ మొండితనంవల్లే పని కనీసం రెండు నెలలు సాగింది.

ఆగస్టు అంతా పాత రికార్డు వేటే. సబ్ సెంటర్‌లో ఇప్పుడున్న ఏఎన్ఎం అమ్మ వచ్చి నాలుగేళ్ళే అయింది. 2014 రిజిస్టర్లు లేవు, వర్షానికి తడిసి పోయాయట. పీహెచ్‌సీలో ఉండేవి అక్కడ జరిగిన కాన్పులవే. మిగిలింది అంగన్‌వాడీ. అప్పట్లో మా ఊరికి వచ్చే టీచరమ్మ రిటైరై కింద ఊళ్ళో ఉంటోంది. ఆగస్టు 17 ఆదివారం అక్కనీ బుద్రినీ తీసుకుని వెళ్ళాను. దిగువన బస్సు ఎక్కితే అక్క దగ్గర టికెట్ డబ్బులు తీసుకోలేదు. రెండు రోజుల ముందే ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు మొదలైంది. ఆధార్ చూపించమని కండక్టర్ అడిగితే, "ఆ కార్డు కోసమే తిరుగుతున్నాం బాబూ, నాదైతే ఉందిలే" అంది అక్క.

టీచరమ్మ నన్ను చూడగానే "ఏరా, ఇంతయ్యావా" అంది. సంగతి విని మంచం కిందనుంచి ఒక ఇనప పెట్టె లాగింది. ఆఫీసుకి అప్పజెప్పాల్సినవి అప్పజెప్పేసింది. నిండిపోయిన పాతవి ఎవరూ అడగలేదట, పారేయబుద్ధి కాక దాచిందట. పెట్టె తెరిస్తే నాఫ్తలీన్ ఉండల వాసన. పైన రెండు పుస్తకాలకి చెదలు పట్టి అంచులు పొడిపొడిగా రాలాయి. ఆమె కళ్ళజోడు పెట్టుకుని నేలమీద కూర్చుని ఒక్కొక్కటీ తీస్తుంటే నాకు గుండె దడ. గర్భిణులు, ప్రసవాల రిజిస్టరు నాలుగోది.

వేలితో వరస చూసుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. అక్క పేరు, బావ పేరు. ప్రసవ తేదీ 22-10-14. ఎక్కడ అన్నచోట 'ఇల్లు'. ఆడ. బరువు 2 కిలోల 100. చివర ఖాళీ జాగాలో చిన్న అక్షరాలతో 'తుఫాను వల్ల 5 రోజుల తరువాత తూకం వేసితిని'.

నల్ల సిరా కాస్త గోధుమరంగు తిరిగింది. బుద్రి వంగి ఆ లైనంతా పైకే చదివింది. "అమ్మా, నేను రెండు కిలోలేనా?" అంది. అక్క ఏమీ అనలేదు, కొంగుతో ముక్కు తుడుచుకుంది. పాత ఇనప పెట్టెలో ఒక్క వరస. అప్పటిదాకా ఈ పిల్ల పుట్టిందని మా ఇంట్లోవాళ్ళ మాట తప్ప ఇంకే ఆధారమూ లేదు. ఇప్పుడు బయటివాళ్ళు ఎవరో రాసిపెట్టారు. నాకూ గొంతు పట్టేసింది. టీచరమ్మ మాత్రం "టీ తాగి వెళ్ళండి" అని లేచింది.

ఆ పుస్తకం బయటికివ్వడం కుదరదు కదా, ఆ పేజీ జిరాక్సు తీయించి, ఇప్పటి సూపర్‌వైజర్ మేడమ్ చేత అసలుతో సరిచూసి సంతకం పెట్టించాం. దానికింకో వారం.

ఆగస్టు 25న నోటరీ. ఇక్కడ నా తప్పు కూడా ఉంది. కాగితాలన్నీ టైపు చేసే కుర్రాడికిచ్చి టీ తాగడానికి వెళ్ళాను. వచ్చేసరికి ముద్ర కూడా పడిపోయింది. చదివితే పుట్టిన తేదీ 15-06-2014. స్టడీ సర్టిఫికెట్ చూసి కొట్టేశాడు. మొదటిసారి 300, మళ్ళీ కొట్టించినందుకు 150. కొత్తదాంట్లో ఇంకో రెండు మాటలు కూడా రాయించాం: బుద్రి, బడిలో పేరు రెండూ ఒక్క పిల్లవే అని, బడిలో తేదీ అంచనాగా వేయించామని. ఈ రెండో మాట అప్పుడే రాయించడం తర్వాత బాగా పనికొచ్చింది.

సెప్టెంబరు 1న అప్లికేషన్ ఎక్కించడానికి వెళ్తే రోజంతా పట్టింది. ఆన్‌లైన్‌లో ఊరు ఎంచుకునే చోట మా ఊరు లేదు. మాది శివారు పల్లె, రెవెన్యూ గ్రామం పేరు పెట్టాలట. పుట్టిన చోటు మరి అబద్ధం అవుతుంది కదా అంటే, అడ్రసు గడిలో మన పల్లె పేరు రాద్దాంలే అంది ఆ అమ్మాయి. సరే. తర్వాత ఓటీపీ. అప్లికేషన్‌లో బావ నంబరు ఇచ్చాం. బావ ఫోన్ ఊళ్ళో పలకదు. ఊరిపైన చింతచెట్టు దగ్గర ఒక బండరాయి ఉంది, సిగ్నల్ అక్కడే. పొద్దున్నే వెళ్ళి అక్కడ కూర్చోమని ముందురోజే కబురు పెట్టాను. బావకి అంకెలు చదవడం రాదు కాబట్టి చిన్నాణ్ణి కూడా తీసుకెళ్ళమన్నాను. మొదటి ఓటీపీ టైము దాటాక వచ్చింది. రెండోది అసలు రాలేదు. మూడోసారి చిన్నాడు ఫోన్‌లో ఒక్కో అంకె గట్టిగా అరిచి చెప్పాడు, మధ్యలో ఒకచోట ఆరా తొమ్మిదా అని తిరగేసి చూసినట్టున్నాడు, ఆగాడు. "ఆరే మావా!" అన్నాడు. వెళ్ళింది! ఆ ఆఫీసులో ఉన్న నలుగురూ చప్పట్లు కొట్టారు. రసీదు చేతిలో పెడుతూ ఇక రెండు నెలలు అనుకోండి అంది.

మధ్యలో రెవెన్యూవాళ్ళు, అంటే వీఆర్వో, ఆర్ఐ, విచారణకి రావాలి. సెప్టెంబరు 19 శుక్రవారం వస్తామన్నారు. కొండెక్కలేం, రోడ్డు ఆగేచోట పనసచెట్టు దగ్గరికి మీరే పెద్దల్ని దింపండన్నారు. అందులో నాకు కోపమేం రాలేదు, వాన పడుతోంది, వాళ్ళూ మనుషులే. కానీ అమ్మమ్మని దింపడానికే రెండు గంటలు పట్టింది. మధ్యమధ్య కూర్చుని, చేతికర్ర పట్టుకుని, "పిల్ల పుట్టినప్పుడు ఎవరూ రాలేదు, ఇప్పుడు అడగడానికొచ్చారా" అని గొణుగుతూ దిగింది. ఐదుగురు పెద్దలు వచ్చారు.

ఆర్ఐ గారు అందరినీ వరసగా అడిగారు. మగపెద్దలందరూ అక్టోబరు 22 అన్నారు. నేనే ముందురోజు రాత్రి చెప్పి పెట్టాను, ఆయనకీ అర్థమైనట్టుంది. అమ్మమ్మకి తెలుగు రాదు. మా ఇంటి భాషలో అడగమన్నారు. అడిగాను. అమ్మమ్మ చెప్పింది, నేను తెలుగులో చెప్పాను: "పెద్దగాలి వచ్చాక రెండో బుధవారం."

ఆయన పెన్ను ఆపారు. పెద్దగాలి అంటే ఏది అన్నారు. హుద్‌హుద్ అన్నాను. జేబులోంచి ఫోన్ తీసి కేలండర్ వెనక్కి జరుపుతూ వెళ్ళారు, 2020, 2017, 2014. అక్టోబరు. 12 మీద వేలు పెట్టారు, ఆదివారం. మొదటి బుధవారం 15. రెండోది 22. ఫోన్ వీఆర్వో వైపు తిప్పి చూపించారు. నేను నేర్పని మాట అదొక్కటే అని ఆయనకి తెలిసిపోయింది. పంచనామాలో ఆ మాట అలాగే రాయించారు: 'పెద్దగాలి వచ్చిన తరువాత రెండవ బుధవారం, అనగా 22-10-2014'. వేలిముద్రల ఇంకు ప్యాడ్ ఎండిపోయి ఉంటే రెండు చుక్కలు నీళ్ళు పోశారు. అమ్మమ్మ బొటనవేలు పనిచేసి పనిచేసి అరిగిపోయింది, గీతలు పడవు, మూడుసార్లు వేయించారు. వెళ్తూ ఆర్ఐ గారు "ముసలమ్మకి ఎన్నేళ్ళు?" అని అడిగారు. మాకెవరికీ తెలీదు.

అక్టోబరు 6న ఫైలు తహసీల్దారు ఆఫీసు దాటి డివిజన్‌కి వెళ్ళిందని మెసేజ్ వచ్చింది. అక్టోబరు 22 బుధవారమే అయింది ఈసారి కూడా. తేదీ దొరికాక మొదటి పుట్టినరోజు అని కింద ఊరి బేకరీలో చిన్న కేకు కొని పంపించాను. నాలుగు కిలోమీటర్లు నడకలో పైన క్రీమంతా డబ్బా మూతకి అంటుకుపోయిందట. మూత నాకారట.

సరిగ్గా ఆరు రోజులకి, 28న మొంథా తుఫాను. నాకు భయం పట్టుకుంది. మా కొండమీద వాన కుండపోత. ఆఫీసుల్లో అందరికీ తుఫాను డ్యూటీ, తర్వాత నష్టం లెక్కలు. మా ఫైలు ఎవరు చూస్తారు? నవంబరు మొదటి రెండు వారాలు నేను రోజూ స్టేటస్ చూడటం, అదే మాట, చూడటం, అదే మాట. ఒక తుఫాను వల్ల కాగితం లేకుండా పోయింది, రెండో తుఫాను వల్ల ఆగింది అని రూమ్‌మేట్‌తో అంటే వాడు పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కంపెనీలో అప్పటికే సెలవులెక్కువయ్యాయని సూపర్‌వైజర్ మాటలన్నాడు.

నవంబరు 18న ఒరిజినల్స్‌తో రమ్మన్నారు. ఉదయం పదిన్నరకి వెళ్తే మూడున్నరకి పిలిచారు. క్లర్కు గారు ఫైలు తిరగేసి నేను భయపడుతున్న ప్రశ్నే అడిగారు. "బడిలో జూన్, ఇక్కడ అక్టోబరు. ఏది కరెక్టు?" అంగన్‌వాడీ పేజీ చూపించాను, పంచనామా చూపించాను, అఫిడవిట్‌లో అంచనా అన్న మాట చూపించాను. ఆయన కాదనలేదు. బడి నుంచి ఒక లెటరు పట్రా అన్నారు. అంతదూరం వచ్చాక మళ్ళీ ఒక లెటరు. బయటికొచ్చి మెట్లమీద కూర్చుండిపోయాను. ఆ రోజు నిజంగానే వదిలేద్దామనుకున్నాను.

హెడ్మాస్టరు గారికి భయం. "వేసింది నా ముందున్న సారు, తప్పని నేనెలా రాయను?" అంటారు. తప్పని రాయొద్దు సార్ అని బతిమాలాను. చివరికి ఆయనే ఒక మాట కనిపెట్టారు: 'తల్లిదండ్రులు మౌఖికంగా తెలిపిన ప్రకారం నమోదు చేయబడినది, ఆధార పత్రం ఏదియు సమర్పించబడలేదు.' ఎవరి తప్పూ లేకుండా అందరూ బయటపడే మాట! నవంబరు 24న అది ఇచ్చేశాను. డిసెంబరు 9న డివిజన్ ఆఫీసు ఆర్డరు, అదే ప్రొసీడింగ్స్, వచ్చింది.

ఇక పంచాయతీలో ఎక్కించడమే. డిసెంబరు 19న ప్రింటు ఇచ్చారు. అక్క పేరులో ఒక అక్షరం తప్పు. ఇంత తిరిగి ఆ ఒక్క అక్షరాన్ని వదిలేస్తే రేపు ఆధార్‌లో తల్లి పేరు కలవదు. అక్కడే నిలబడి చెప్పాను, సరిచేయడానికి వారం. ఎప్పుడైనా సరే ప్రింటు తీయకముందే స్క్రీన్ మీద చూపించమనండి, చూపిస్తారు.

ఖర్చు లెక్క రాసుకున్నాను. ఆఫీసు ఫీజులన్నీ కలిపి వంద రూపాయలు దాటలేదు. నోటరీ 450. జిరాక్సులు, ఫోటోలు 220. పరవాడ నుంచి వచ్చిపోవడానికి, ఆటోలకి 4,800. పోయిన కూలి పదకొండు రోజులది, రోజుకి 650 చొప్పున 7,150. కేకు కలపలేదు. మొత్తం 12 వేలు దాటింది. బయట తిరిగే ఆయన అడిగింది 6 వేలు, మా బావ ఈ మాట ఇప్పటికీ ఎత్తుతుంటాడు.

సర్టిఫికెట్‌లో నాకు వింతగా అనిపించింది ఒకటుంది. పుట్టిన జిల్లా అల్లూరి సీతారామరాజు అని ఉంది. పిల్ల పుట్టినప్పుడు ఆ జిల్లానే లేదు, 2022 ఏప్రిల్‌లో వచ్చింది. అప్పుడు మాది విశాఖపట్నం జిల్లా. పిల్ల జిల్లాకన్నా పెద్దదన్నమాట.

జనవరి 5న ఆధార్ నమోదు అయింది, కొత్త కార్డుకి డబ్బులేమీ తీసుకోలేదు. ఇంకా కార్డు రాలేదు, చీటీ ఉంది. బడి రిజిస్టరులో తేదీ ఎర్ర సిరాతో కొట్టి పక్కన సరిచేశారు. పదో తరగతి పరీక్షలు రాయకముందే కాబట్టి కుదిరిందన్నారు హెడ్మాస్టరు గారు. నాకైతే అది కుదరదు. నేను శనివారం పుట్టినవాణ్ణి, నా పదో తరగతి మెమోలో ఉన్న 1996 జూలై 1 సోమవారం. ఇక అన్ని కాగితాల్లోనూ అదే.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు సర్టిఫికెట్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి అమ్మమ్మ చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది, స్టాంపు మీద వేలు రాసింది.

"బుధవారం అని ఎక్కడ రాశారు?" అని అడిగింది.

తేదీ ఉంటుంది అమ్మమ్మా, వారం రాయరు అన్నాను. ఆమెకి నచ్చలేదు. వారం లేకపోతే పిల్లదని ఎలా తెలుస్తుంది అంది. బుద్రి లోపలికి పరిగెత్తి స్కెచ్ పెన్ తెచ్చింది. కాగితం మీద రాయకూడదని నేను కంగారుపడుతుంటే, కవరు మీద రాస్తాలే మావా అంది. నాలుక కొంచెం బయటపెట్టి, పెద్ద అక్షరాలతో 'బుధవారం' అని రాసి అమ్మమ్మకి చూపించింది.